పసుపుబొట్టు పెట్టిన కార్డుతో వేలూరు ప్రయాణం

మా నాన్న నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. "గుడియాత్తం పో, మా చెల్లెల్ని తోడుకోని రా" అన్నాడు. పక్కవీధికి వెళ్ళి పెరుగు తెమ్మన్నంత తేలిగ్గా అన్నాడు మహానుభావుడు! మేముండేది మలేషియాలో. నలభై ఏళ్ళ కిందట లుంగీల మూటతో ఓడ ఎక్కి ఇక్కడి గుడ్డల అంగడిలో పనికి కుదిరిన మనిషి, మళ్ళీ వేలూరు పక్కనున్న ఆ గుడియాత్తం మొహం చూడలేదు. మొదట్లో చేతిలో డబ్బు లేదు. డబ్బు వచ్చేసరికి గుండెజబ్బు వచ్చింది, డాక్టరు విమానం ఎక్కొద్దన్నాడు. అందుకని నన్ను పంపాడు. నాకు ముప్పై ఐదేళ్ళు, బడి ఆఫీసులో గుమాస్తాను. ఆదివారాల్లో నాన్న చెవి మెలేసి నేర్పిన తెలుగే ఇప్పుడు మీకు రాస్తున్నది.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, ఈ దారిన వెళ్ళే వాళ్ళకు పనికొస్తుంది. మా ఆఫీసులో అందరూ ఒకటే పాట: "నోట్ల కట్టలు మోసుకెళ్ళకు, కార్డు చాలు. ఇండియాలో కూడా ఇప్పుడు ఏటీఎంలు వచ్చాయి." సరే అని కార్డు, పైఖర్చులకు కాసిని నోట్లు పెట్టుకుని బయలుదేరాను. పరాయి దేశంలో గోడలోంచి డబ్బు తీసుకోవడమంటే నాకు దేవుడు ప్రత్యక్షమైనంత సంబరం.

పొద్దున ఆరున్నరకు మద్రాసులో దిగాను. సెంట్రల్ స్టేషనుకు ఆటోవాడు నూటేభై అడిగాడు, నూటపాతికకు ఒప్పుకున్నాడు. తర్వాత తెలిసింది, అందులో సగానికే రావలసిందట! తొమ్మిదింటి రైల్లో కాట్పాడికి టిక్కెట్టు. ఎదురు సీట్లో కాలేజీ కుర్రాడు కూర్చున్నాడు. వేలూర్లో ఏటీఎం ఉందా అని అడిగితే ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఒకటుండాదక్కా! లోపల ఏసీ! మేము దుడ్డు లేకపోయినా పోయి నిలబడతాము" అన్నాడు. పదకొండున్నరకు కాట్పాడిలో దిగేసరికి అత్త కొడుకు మునిరత్నం చేతిలో నా ఫోటో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, మగ్గం నేస్తాడు. "వదినా, నువ్వేనా? ఫోటోలో లావుగా ఉండావే" అన్నాడు. మొదటిమాటే అది. ఆ క్షణం నుంచి మేమిద్దరం దోస్తులం.

నేరుగా వేలూరు వెళ్ళి ఆ మిషన్లో మూడు వేలు తీశాను. మునిరత్నం పక్కన నిలబడి నోరు తెరిచి చూశాడు. బస్సులో గుడియాత్తం చేరేదాకా అదే మాట, ఇంటికెళ్ళాక అమ్మతోనూ అదే మాట. "అమ్మా, ఈ అట్టముక్క పెడితే మిషన్ దుడ్డు కక్కతాది! మామ మలేషియాలో వేసిన దుడ్డు ఈడ వస్తా ఉండాది!" అక్కడే నా కొంప ముంచాడు. అది అప్పటికి నాకు తెలియదు.

కన్నియమ్మ అత్తకు యాభై ఏడేళ్ళు. నాన్న ఓడ ఎక్కేనాటికి పదిహేడు. ఇప్పటికీ పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటుంది. నాన్న ఫోన్లో నస పెట్టగా పాసుపోర్టు, వీసా చేయించుకుంది కానీ ప్రయాణం మాటెత్తితే మాత్రం "నేను రాను పో" అనేది. మూడు రోజులు బతిమాలాను, అలిగాను, ఒకపూట భోజనం మానేశాను. ఆ పూట కోడిగుడ్డు పులుసు చేశారు, నా పంతం ఎంత ఖరీదో చూడండి! నాలుగోరోజు సాయంత్రం మగ్గం దిగుతూ ఉన్నట్టుండి, "నన్ను చూస్తే అన్న ఆనవాలు పడతాడా పాపా?" అంది.

ఓహో, ఇదా సంగతి! "పట్టకపోతే నేను పట్టిస్తాను, పద" అన్నాను. కళ్ళొత్తుకుని "సరి, వస్తా" అంది.

పరుగున టెలిఫోను బూత్‌కు వెళ్ళి వేలూర్లోని టిక్కెట్ల ఏజెంటుకు ఫోన్ చేశాను. నా విమానంలో ఒకే ఒక్క సీటు మిగిలిందట. ఎల్లుండి మధ్యాహ్నం రెండింటిలోపు నోట్లు చేతిలో పెడితే సరి, లేకపోతే కాచుకుని ఉన్న వేరే ఆసామికి ఇచ్చేస్తానన్నాడు. కార్డు తీసుకోడట, చెక్కు తీసుకోడట. రేపు ఆయుధపూజ, ఎల్లుండి విజయదశమి, బ్యాంకులు మూత. ఉంటే ఉండనీ! నాకు మిషన్ ఉందిగా! పొద్దున్నే వెళ్ళి తెచ్చేస్తాననుకుని హాయిగా నిద్రపోయాను.

పొద్దున ఐదున్నరకు లేచి చూస్తే చేతిసంచిలో కార్డు లేదు. వెతుక్కుంటూ మగ్గం గదిలోకి వెళితే, అక్కడ మగ్గం ముందు పీటమీద వరసగా అడ్డపోగు నేసే నాడెలు, కత్తెర, నూలు కండెలు, మునిరత్నం మోపెడ్ తాళం, వాడి కూతురి పెన్సిలు డబ్బా. వాటి నడుమ మహారాణిలా నా కార్డు! ఒళ్ళంతా పసుపు, గంధం, మధ్యలో రూపాయంత కుంకుమబొట్టు, పైన చామంతి పువ్వు. చెయ్యి చాచానో లేదో అత్త చటుక్కున నా చేతిమీద ఒక్కటి వేసింది.

"ముట్టుకోవద్దు! బువ్వ పెట్టేదంతా పనిముట్టే. ఈ పొద్దు ఏ పనిముట్టూ పని చేయగూడదు. రేపు పూజ ఎత్తినాకే."

"అత్తా, అది నీ టిక్కెట్టు డబ్బు! ఆలస్యమైతే నీ సీటే పోతుంది!"

"పోతే పోనీ. మా అవ్వ కాలం నుంచి పూజలో పెట్టిన నాడెను ఎవురూ ఎత్తలేదు. నా కోసరం నేను ఎత్తుతానా?"

ఆ మాట నా మొహం చూడకుండా అంది. అన్నను చూడాలని ఆమెకు లేక కాదు. నాకు కోపం, నవ్వు, ఏడుపు మూడూ ఒకేసారి వచ్చాయి. ఆ రోజంతా బొరుగులు, శనగలు తింటూ నా కార్డు ముందు కాపలా కూర్చున్నాను. వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. మునిరత్నం మాత్రం గంటకోసారి వచ్చి, "వదినా, నీ మిషన్ బిడ్డ నిద్ర పోతా ఉండాదా?" అని ఆటపట్టించాడు.

విజయదశమి నాడు మంచి గడియ పదకొండింటికి వచ్చింది. అత్త హారతి ఇచ్చి పీటమీది వస్తువుల్ని ఒక్కొక్కటే వేలెడంత ఉత్తరానికి జరిపింది. అలా జరిపితే పూజ ఎత్తినట్టు లెక్క. నాడె తీసుకుని మగ్గంమీద నాలుగు పోగులు నేసింది. "ఇంగ నీ పనిముట్టు నువ్వు ఎత్తుకో" అంది. ఎత్తుకోవడమా, లాక్కున్నాను! బొట్టు చెరిపితే ఊరుకోనంది కాబట్టి బొట్టుతోనే జాకెట్లో పెట్టుకున్నాను.

పదకొండూ ఇరవైకి వేలూరు బస్సు. మనిషికి ఎనిమిది రూపాయలు. అత్త కూడా వచ్చింది, టిక్కెట్టుమీద తన పేరు రాసేది చూడాలట. బస్సు ముందు రెండు అరటి పిలకలు కట్టారు, డ్రైవరు ప్రతి గుడి ముందూ ఆగి దండం పెట్టుకున్నాడు. కే.వి.కుప్పంలో పది నిమిషాలు నిలిపాడు. కండక్టరును తొందరపెడితే, "బండికి ఈ పొద్దే కదమ్మా పండగ" అన్నాడు. నేను చేసేదిలేక సీటు కమ్మీని పట్టుకుని బస్సును మనసులో తోశాను. పాలారు వంతెన దాటి వేలూర్లో దిగేసరికి ఒంటిగంట.

ఏటీఎం గది చూసి రోడ్డుమీదే ఆగిపోయాను. గుమ్మానికి అరటి పిలకలు, మామిడాకులు. లోపల మిషన్ నుదుట విభూతి మూడు పట్టెలు, కుంకుమబొట్టు, మెడలో బంతిపూల దండ! దండ సరిగ్గా కార్డు పెట్టే సందుకు అడ్డంగా వేలాడుతోంది. మిషన్ మీద సరస్వతి పటం. గుమ్మంలో కాపలా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పూజ ఎత్తలేదమ్మా. మేనేజరు వచ్చి ఎత్తాల. సాయంత్రం వస్తానన్నాడు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అది ఇదే! నేను అరవబోతుంటే అత్త నన్ను పక్కకు నెట్టింది.

"యా ఊరప్పా నీది?"

"కే.వి.కుప్పం."

"తెలుగోళ్ళేనా?"

"అవునమ్మా. మాది మేస్త్రీ పని. గోడకు కట్టిన సారం మింద నుంచి పడి కాలు ఇరిగినాక ఈ పనికి వచ్చినా."

"అయ్యో నాయనా. సరి, ఈ పూజ చేసింది ఎవురు?"

"నేనే."

"మేనేజరు పసుపు పూసినాడా? పువ్వు పెట్టినాడా? లేదు కదా. చేసినోడే ఎత్తల్ల. నీ తాపీ ఎత్తేదానికి మేనేజరు వచ్చినాడా ఎప్పుడన్నా?"

ఆయన తల గోక్కున్నాడు. నాకు లోపల లోపల చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ ఆయన మళ్ళీ అడ్డం తిరిగాడు. "ఉత్తరానికి జరపల్ల కదమ్మా. మిషన్ను గోడలో పెట్టి కట్టేసినారు. నేను మేస్త్రీని, చెప్తా ఉండా, ఇది జరగదు."

"మిషన్ను ఎందుకు జరిపేది? పటాన్ని జరుపు."

ఇంక ఉత్తరం ఏ పక్కో తేలాలి. ఆ గాజుగదిలో ఏసీ గాలికి వణుకుతూ ముగ్గురం మూడు దిక్కులు చూపించాం. చివరికి అత్త, "కాట్పాడి యా పక్క? అదే ఉత్తరం" అని తేల్చింది. ఆయన చెప్పులు విప్పి, పటాన్ని వేలెడంత జరిపి, దండ తీసి కళ్ళకద్దుకున్నాడు. అప్పటికి ఒంటిగంట ఇరవై.

కార్డు పెట్టాను. మిషన్ ఉమ్మేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఉమ్మేసింది! "మూడోసారి తప్పితే లోపలే పెట్టుకుంటాదమ్మా, బెంగుళూరు నుంచి ఆళ్ళు రావల్ల" అన్నాడు కాపలా ఆయన మెల్లగా. కార్డు తిప్పి చూస్తే వెనక నల్లటి చార మీద పసుపు, గంధం గోడకు సున్నంలా ఎండిపోయి ఉంది. అత్త మొహం తెల్లబోయింది.

"నేను చేసిందేనా ఇది? నా చేత్తో నేనే పోగొట్టుకొంటినా?" అంది. నలభై ఏళ్ళు ఆ కోరిక బయటపెట్టని మనిషి ఆ చల్లటి గదిలో నిలబడి చిన్నపిల్లలా, "అన్నను చూడల్ల పాపా" అని ఏడ్చేసింది.

నేనూ ఏడ్చాను. దాచడమెందుకు?

మరుక్షణం ఆవిడే ముక్కు చీది, కొంగు అంచు నోట్లో తడిపి, ఆ నల్లచారను తుడవడం మొదలుపెట్టింది. ఒత్తిడి లేదు, తొందర లేదు. తెగిన పోగును అతికేటప్పుడు ఎంత మెల్లగా చేస్తుందో అంత మెల్లగా, ఒకే దిక్కుగా. కాపలా ఆయన నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడు. ముందువైపు బొట్టు అలాగే ఉంచి వెనకంతా అద్దంలా చేసి నా చేతికిచ్చింది. నేను నంబరు నొక్కేటప్పుడు ఇద్దరూ గోడవైపు తిరిగి నిలబడ్డారు, స్నానం చేసే మనిషికి చాటిచ్చినట్టు.

మిషన్ గుర్రుమంది. కాసేపు ఆగింది. తర్వాత లోపల నోట్లు లెక్కపెట్టే చప్పుడు! ఆ చప్పుడుకు నేను వేసిన కేకకు రోడ్డుమీది సైకిలాయన బ్రేకు వేశాడు. ఒక్కసారికి అంతా ఇవ్వదు కాబట్టి రెండుసార్లు తీశాను. కాపలా ఆయనకు పండగ మామూలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "మీ అన్నకు నా దండం చెప్పమ్మా" అన్నాడు అత్తతో.

ఆటోకు పది రూపాయలు, బేరం లేదు. ఏజెంటు ఆఫీసు మెట్లెక్కేసరికి ఒంటిగంట యాభై మూడు. అక్కడ ఒకాయన తోలుసంచి ఒళ్ళో పెట్టుకుని, గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. మా సీటు కోసం కాచుకున్న ఆసామి ఆయనే! ఏజెంటు నన్ను, గడియారాన్ని, నా చేతిలోని నోట్లను చూసి, "ఏడు నిముషాలు ముందే వచ్చినారు మేడమ్" అని రసీదు పుస్తకం తీశాడు. ఆ ఆసామి మంచివాడు. అత్త ఆయాసం చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు. అత్తకు చదువు రాదు. "నా పేరు యాడ ఉండాది?" అని అడిగి, నేను చూపించిన చోట వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

మర్నాడు కాట్పాడి నుంచి మధ్యాహ్నం రైలు, మద్రాసులో స్టేషను పక్కన లాడ్జి, గదికి రెండువందల ఇరవై, దోమలు ఉచితం. ఆ మర్నాడు పొద్దున విమానం. ఈ దారిన వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే: కార్డు వేలూర్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆయుధపూజకు ముందురోజు మాత్రం దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకోండి. నేను మాత్రం ఇంత నవ్విన ప్రయాణం, ఇంత భయపడిన ప్రయాణం ఇంకొకటి చేయలేదు.

విమానం లేచేటప్పుడు అత్త నా ముంజేతిని గట్టిగా పట్టుకుంది. మేఘాలు వచ్చాక వదిలేసి కిటికీకి అతుక్కుపోయింది. భోజనంలో ఇచ్చిన వెన్నబిళ్ళను కొంగున కట్టుకుంది, అన్నకట. దిగేసరికి అది కరిగి చీరంతా జిడ్డు.

కౌలాలంపూర్‌లో బయటకు వచ్చే తలుపు దగ్గర నాన్న చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడి, నడుం వంగి. అత్త ఆయన్ని దాటి పోయింది! ఆ జనంలో లావుపాటి మీసాల వాళ్ళ మొహాల్లోకి తొంగిచూస్తూ నడుస్తోంది. ఆమె వెతుకుతున్నది ఓడ ఎక్కిననాటి ఇరవై ఆరేళ్ళ మీసాల కుర్రాణ్ణి. నేను పిలవబోయాను, నాన్న నన్ను చేత్తో ఆపాడు. ఆమె వీపు వైపు చూస్తూ, గట్టిగా కూడా కాదు, "ఏం పాపా, ఏమన్నా తింటివా?" అన్నాడు.

అత్త నిలబడిపోయింది. వెనక్కి తిరిగి ఆ ముసలాయన్ని పైనుంచి కిందకు చూసింది. దగ్గరకు వచ్చి భుజంమీద ఒక్క దెబ్బ వేసింది. "నలభై ఏండ్లకా అడగతా ఉండావు?" అంది.

నాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఆకలిగా ఉండాదా?" అన్నాడు మళ్ళీ.

"ఉండాది" అంది.

ఇద్దరూ అలాగే ఏదో మాట్లాడుకుంటూ నడిచి వెళ్ళిపోయారు. పెట్టెల బండి తోసుకుంటూ నేను వెనకాల పోయాను. నేనొకదాన్ని ఉన్నానని కారు ఎక్కేదాకా ఇద్దరికీ గుర్తురాలేదు.