గడ్డం మీది మెతుకు

పోయిన వారం మదనపల్లె బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ తింటున్నాను. ఎదురు కుర్చీలో ఒక పెద్దమనిషి దోసె తింటున్నాడు. ఆయన ఉన్నట్టుండి తినడం ఆపి, రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. నా వైపు చూశాడు. మళ్లీ తుడుచుకున్నాడు. మూడోసారి గడ్డం, బుగ్గలు, చివరికి మెడ కూడా తుడుచుకుని, ప్లేటు ఎత్తుకుని పక్క టేబులుకు వెళ్లిపోయాడు. అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఇంతసేపూ నేను చూపుడువేలితో నా గడ్డం తట్టుకుంటూ ఉన్నానని. ఆయన గడ్డానికి మొదట ఒక చట్నీ చుక్క అంటిన మాట నిజమే. అది పోయినా నా వేలు ఆగలేదు. ముప్పై నాలుగేళ్లు బడిలో పిల్లల్ని బెదరగొట్టాను గానీ, ఒక మగమనిషి చేత ఇలా టేబులు మార్పించడం ఇదే మొదలు. ఈ అలవాటు నాకు మా మేనత్త అంటించి పోయింది.

మేనత్తది పుంగనూరు. మా నాన్నకు చెల్లెలు. ఆమె నోరు మా వంశంలో పేరున్న నోరు. రెండు విషయాల్లో పేరు. ఒకటి వక్కాకు. చీర కుచ్చెళ్ల పక్కన ఎప్పుడూ ఒక గుడ్డ సంచి వేలాడేది. అందులో తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బీ, పొగాకు. ఎర్రటి నోటితో ఆమె నవ్వితే నాకు చిన్నప్పుడు భయమూ, ముద్దూ రెండూ వేసేవి. రెండోది ఉప్పు. మా వాళ్లలో పెళ్లయినా, పేరు పెట్టినా, వంటమేస్త్రీ గరిటెతో వచ్చి ఆమె అరచేతిలో ఇంత పోసేవాడు. ఆమె నాలుకతో అద్ది, కళ్లు మూసుకుని, “పిడికెడు” అనో, “సాలు” అనో అనేది. ఆ మాట పడ్డాకే గుండిగ పొయ్యి మీది నుంచి దిగేది. పుంగనూరు వంటమేస్త్రీ ఒకాయన ఆమె మాట లేకుండా ఇరవై ఏళ్లలో ఒక్క పప్పు కూడా దించలేదంటే అతిశయోక్తి కాదు.

ఆ నోటికే జబ్బు వచ్చింది. ఎడమ బుగ్గ లోపల మానని పుండు. నెలల తరబడి తేనె పూసుకుని, మామకు కూడా చెప్పకుండా దాచింది. చివరికి బెంగళూరులో ఆపరేషన్ చేశారు. ఎడమ వైపు కింది దవడ, బుగ్గ తీసేసి, రొమ్ము మీది కండ, చర్మం తెచ్చి అక్కడ కుట్టారు. తరవాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. కట్లు మార్చుకోవడానికి వీలుగా ఉంటుందని రెండు నెలలు మదనపల్లెలో మా ఇంట్లోనే ఉంది. మొదటిసారి కట్టు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ముఖం ఒక పక్కకు లాగేసి ఉంది, పెదవి చివర కిందికి జారింది. నేను ఏడవలేదు, ఏడవకూడదని పళ్లు బిగబట్టుకున్నాను. ఆమె మాత్రం అద్దం అడిగి, నిమిషం సేపు చూసుకుని, “ఇదేందిరా నాయనా, మా నాయనమ్మ మాదిరి అయినాను” అంది.

ముఖం సంగతి ఆమె తొందరగానే మింగేసింది. మింగలేకపోయింది వేరే. నలుగురిలో తినడం మానేసింది. నమలడానికి పళ్లు లేకపోయినా తిండికి కొదవేమీ లేదు, రాగి సంగటి ఉండనే ఉంది. సంగటిని నమలకూడదు, ఊరుబిండి పచ్చడిలో అద్ది మింగాలి అని మమ్మల్ని తిట్టి పెంచిన మనిషే కదా. కానీ ఆ సంగటి గిన్నె పట్టుకుని వంటింట్లో గోడకు తిరిగి కూర్చునేది. ఎందుకని ఒకసారి గట్టిగానే అడిగాను.

“ఈ పక్క నాది కాదు మే. మెతుకు అంటుకున్నా తెలీదు, సొల్లు కారినా తెలీదు. ఎవురిదో తెచ్చి నాకు కుట్టినట్లుండాది.”

“నొప్పిగా ఉంటుందా అత్తా?”

“నొప్పుంటే బాగుండును. నాదే అని తెలిసేది.”

ఆ రోజు నుంచి నేను ఆమె ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టాను. మెతుకు అంటితే మొదట్లో నోటితో చెప్పేదాన్ని. చెప్పగానే గిన్నె పక్కన పెట్టేసేది. అందుకని మాట మానేసి, నా గడ్డం మీద వేలు తట్టడం మొదలైంది. నేను తట్టగానే ఆమె కొంగుతో తుడుచుకుని తినేది. ఎవరు నేర్పారో, ఎవరు నేర్చుకున్నారో చెప్పలేను, అలా కుదిరిపోయింది. వక్కాకు సంచిలో ఆకులూ వక్కలూ పోయి, గాజులామె దగ్గర కొన్న అరచేతి అద్దం ఒకటి, రెండు రుమాళ్లు చేరాయి.

ఆ వెంటనే కరోనా వచ్చింది. లోకమంతా ఏడుస్తుంటే ఆమె ఒక్కతే హాయిగా తిరిగిందని చెప్తే పాపమేమో గానీ, నిజం. అందరికీ మాస్కులే. ఎవరూ ఎవరి ముందూ తినడం లేదు. ఆమె సంతకు పోయింది, బి.కొత్తకోటలో చుట్టాల ఇంటికి కూడా పోయింది. జనం మాస్కులు తీసేసిన ఏడాది ఆమెకు మళ్లీ కష్టం వచ్చిపడింది. అందరివీ పోయాయి, ఆమెది పోలేదు.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి పెళ్లి కుదిరింది. అబ్బాయి వాళ్లది శాంతిపురం. పెళ్లి కుప్పంలో. మండపం వాళ్లది, వంట మాది అని ఒప్పందం. పుంగనూరు వంటమేస్త్రీనే తీసుకుపోయాం. మా పద్ధతిలో తాళి కట్టాక బువ్వం పెడతారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, రెండు వైపుల ముత్తైదువలు ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని, నెయ్యీ పప్పూ కలిపిన అన్నం అందులోనే చేతులు పెట్టి తింటారు. మా వైపు పెద్ద ముత్తైదువ మేనత్తే. ఆమె కూర్చోకపోతే బువ్వంలో మా వైపు లోటే. కూర్చుంటే మాస్కు తీయాలి, కొత్త వియ్యాలవారి కళ్ల ముందు, వాళ్లు చెయ్యి పెట్టే పళ్లెంలోనే చెయ్యి పెట్టాలి.

నేను ఒక తెలివైన పని చేశాను. అలా అనే అనుకున్నాను. మండపంలో ఒక పక్క గది అడిగి తీసుకుని, చాప వేసి, ఆకు పరిచి, చెంబుతో నీళ్లు పెట్టి, తలుపుకు గడియ పడుతుందో లేదో కూడా చూసుకున్నాను. బువ్వానికి మా పిన్నిని కూర్చోమని చెప్పేశాను. తాళి కట్టడం అయ్యాక మేనత్తను చెయ్యి పట్టుకుని ఆ గదికి తీసుకుపోయాను. ఆమె గుమ్మంలోనే ఆగి ఆకును చూసింది, గడియను చూసింది.

“నేనేమన్నా బాలింతనా మే, గదిలో పెట్టి వడ్డిస్తాండావు?”

నీకు ఇబ్బంది కాకూడదని అత్తా, అన్నాను.

“ఇబ్బంది నాకా, నీకా?”

వియ్యపురాలు ముఖం తిప్పుకుంటే చూడాల్సి వస్తుందని నాకే భయం. రెండు నెలలు ఎదురుగా కూర్చుని తిన్న నేను, నలుగురిలోకి వచ్చేసరికి ఆమెను దాచాలనుకున్నాను. ఆమె మాత్రం మాస్కు తీసి, మడిచి, వక్కాకు సంచిలో పెట్టి, బువ్వం దగ్గరికి నడిచింది. పిన్ని లేచి చోటిచ్చింది.

అందరూ ఒకసారి చూశారు. చూడరా మరి. పెళ్లికొడుకు అవ్వ, శాంతిపురం ముసలామె, కొంచెం ఎక్కువసేపే చూసి, “రా వదినా, నెయ్యి ఈ పక్కనే ఉండాది” అని పళ్లెం ఇటు తిప్పింది. మేనత్త కుడి పక్కగా చిన్న చిన్న ముద్దలు పెట్టుకుంటోంది. మూడో ముద్దకు ఎడమ వైపు గడ్డం మీద ఒక మెతుకు నిలిచింది. నేను గోడ పక్క నుంచి వేలు తట్టాను. నన్ను చూసింది. తుడుచుకోలేదు. మళ్లీ తట్టాను. వీడియో అబ్బాయి తనకే సైగ చేస్తున్నాననుకుని కెమెరా తీసుకుని నా ముందుకొచ్చాడు. వాణ్ణి పక్కకు నెట్టి చూస్తే, మా అమ్మాయి పెట్టిన ముద్ద సగం పెళ్లికొడుకు మీసాలకు పూసుకుని ఉంది, అతను పెట్టింది అమ్మాయి చెంపకు ఉంది, శాంతిపురం అవ్వకు ముక్కు మీద నెయ్యి. బువ్వమంటేనే అంత. మేనత్త నవ్వుతూ తింటోంది, గడ్డం మీద మెతుకు అలాగే ఉంది.

తింటూ తింటూ తలెత్తి, పక్కనే నిలబడిన వంటమేస్త్రీతో, “పప్పులో ఉప్పు సాల్లేదు నాయనా, పిడికెడు ఎయ్యి” అంది. జబ్బు చేశాక తిండి రుచి గురించి ఆమె అన్న మొదటి మాట అది. మేస్త్రీ ముఖం మారింది. నన్ను పక్కకు పిలిచి గరిటెతో చూపించాడు. ఉప్పు సరిగ్గా ఉంది. కరెంటు పెట్టినాక ఆమె నాలుకకే తెలియడం లేదు. ఏం చెయ్యమంటావమ్మా అన్నట్లు నిలబడ్డాడు. అత్త చెప్పింది కదా, వెయ్యి, అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, పిడికెడు ఉప్పు తీసి గుండిగలో వేశాడు. ఆ తరవాతి బంతిలో కుప్పం వాళ్లు తాగినన్ని నీళ్లు నేను ఏ పెళ్లిలోనూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటాక కారులో ఆమె మెల్లగా నా వైపు తిరిగింది.

“నిజం సెప్పు మే. ఉప్పు సరిపోయిండె గదా?”

“సరిపోయింది అత్తా.”

“మరి యాల ఏపిచ్చినావు?”

“నువ్వు చెప్పినావు గదా.”

ఆమె నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, ఒక పక్కకే తిరిగే ఆ పెదవితో, కారు అదిరేలా నవ్వింది. కాసేపటికి, “నువ్వు గడ్డం కొట్టుకుంటాండేది సూసినాలే. అంతమంది మూతులకు మెతుకులుంటే నేనొకదాన్నే యాల తుడుసుకోవల్ల?” అంది.

అప్పటి నుంచి ఆమె ఏ పెళ్లికీ మాస్కు తీసుకుపోలేదు. నేను తట్టేదాన్ని. మనసైతే తుడుచుకునేది, లేకపోతే లేదు. ఆమె పోయి రెండేళ్లయింది. నిద్రలో పోయింది, ఆ జబ్బుతో కాదు. సంచిలోని అద్దం నేనే తెచ్చుకున్నాను. హోటల్లో ఆ పెద్దమనిషి వెళ్లిపోయాక దాన్ని బయటికి తీసి చూసుకుంటే, ఏముంది, నా గడ్డానికే మెతుకంత ఇడ్లీ ముక్క అంటుకుని ఉంది. ఎదురుగా తట్టి చెప్పేవాళ్లు లేరు. తుడుచుకోబోయి, ఎందుకో, కాసేపు అలాగే ఉండనిచ్చాను. కాలం మనిషిని తీసుకుపోతుంది గానీ, ఆ మనిషి కోసం మన వేలు నేర్చుకున్నదాన్ని మాత్రం మన దగ్గరే మరిచిపోతుంది.