మంచం మీద ఇంజన్

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవులంతా మా వరండాలోని నవారు మంచం మీద మనుషులెవరూ పడుకోలేదు. దాని మీద ఒక ఇంజన్ పడుకుంది. అది కూడా ఒక్క ముద్దగా కాదు, చిన్నా పెద్దా ముక్కలుగా, మంచం ఈ చివరినుంచి ఆ చివరిదాకా. పొద్దున్నే లేచి పళ్ళు తోముకోకముందే నేను దాని దగ్గరికి పరిగెత్తేదాన్ని. రాత్రికి రాత్రే ఏ ముక్కయినా తనంతట తాను వెళ్ళి ఇంకో ముక్కకు అతుక్కుందేమోనని చూసేదాన్ని.

అప్పట్లో మేం అమీర్‌పేటలో, బల్కంపేట వైపు వెళ్ళే ఒక సందులో అద్దెకు ఉండేవాళ్ళం. సందు నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఫైళ్ళు పట్టుకున్న అన్నలూ అక్కలూ మా గేటు దగ్గర ఆగి, ఫలానా క్లాసు ఎక్కడని రోజుకు పదిసార్లు అడిగేవారు. ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో మా తాతయ్య మోటార్‌సైకిల్ ఉండేది. రెండు పక్కలా రెండు పొడవాటి సైలెన్సర్లు, వెలిసిపోయిన ఎర్రటి ట్యాంకు, మధ్యలో ఇంజన్ ఉండాల్సిన చోట ఖాళీ. తాతయ్య బతికి ఉండగానే రిపేరుకని విప్పిన ఇంజన్ అది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తన కొట్టు పోతే, విప్పిన మెకానిక్ ముక్కలన్నీ గోనెసంచిలో పోసి మా గుమ్మంలో దింపి వెళ్ళిపోయాడట. ఆ తర్వాత తాతయ్య పోయాడు. సంచి మూతి ఎవరూ విప్పలేదు.

ఆ ఏడు ఇంటి ఓనరు షెడ్డును ఒక కంప్యూటర్ కోచింగ్ వాళ్ళకు ఇచ్చేశాడు. సెలవులు అయ్యేలోగా ఖాళీ చేయాలి. నాన్న పాత ఇనుము కొనే కబాడీవాడితో మాట్లాడి వచ్చాడు. అడ్డుపడింది మా మేనత్త.

మేనత్త అంటే నాన్నకు అక్క, మాతోనే ఉండేది. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని సందులోని ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది. సైకిలు చైను ఊడితే ఎక్కించడం కూడా ఆమెకు రాదు. అలాంటి మనిషి గోనెసంచి పక్కన చతికిలపడి కూర్చుంది.

"మా నాయిన బండి రా ఇది. ఒక్కసారి దీని చప్పుడు వినాలె నాకు."

"సంచిల ఉన్న ఇనుముకు చప్పుడెక్కడిదక్కా?" అన్నాడు నాన్న.

"నేను కుడ్త."

నాన్న పగలబడి నవ్వాడు. నవ్వి, షరతు పెట్టాడు. షెడ్డు ఖాళీ చేసే ఆదివారం సాయంత్రానికి బండి స్టార్ట్ అయితే మెట్ల కింద ఉంచుకుందాం, కాకుంటే కబాడీకే. "మళ్ళ ఏడవొద్దు," అన్నాడు.

"ఏడ్సేది నువ్వే తమ్మీ, జర నన్ను సుత నడపనియ్యక్కా అని," అంది అత్త.

అలా మొదలైంది. ముక్కల్ని కిరసనాయిల్లో నానబెట్టి పాత పళ్ళబ్రష్షులతో తోమడం నా పని. ఎంత తోమినా నల్లగానే ఉన్న ముక్క ఉన్నట్టుండి వెండిలా మెరిసేది, అప్పుడు నేను అరిచే అరుపుకు పక్కింటివాళ్ళు గోడమీదుగా తొంగిచూసేవారు. సందులో రోజూ పంచే కోచింగ్ పాంప్లెట్లు మాకు గొప్పగా పనికొచ్చాయి. వాటి వెనక ఖాళీ వైపున అత్త ముక్క బొమ్మ గీసి, ఎన్ని ఉన్నాయో రాసి, ఆ కాగితం మీదే ముక్కను పెట్టేది. మరీ చిన్నవైతే స్టీలు గిన్నెల్లో. పాత బట్ట కుట్లు విప్పితే కొత్తది కుట్టడం ఎలాగో తెలుస్తుందని ఆమె నమ్మకం. ఇంజనూ అంతేనంది. ఏ ముక్క దేనికి ఆనుకుని అరిగిందో ఆ అరుగుడే చెబుతుందట.

ఆమెకు ఇంకో పద్ధతి ఉండేది. ప్రతి సాయంత్రం గది ఊడ్చే ముందు గుండుసూదులన్నీ లెక్కపెట్టి దిండుకు గుచ్చేది. ఒక్క సూది తగ్గినా కుట్టిన బట్టలన్నీ తడిమి చూసేది. జాకెట్లో మిగిలిన సూది ఎవరి ఒంట్లో దిగుతుందో తెలియదు కదా. ఇంజన్ ముక్కలకూ అదే లెక్క పెట్టింది. గిన్నె ఖాళీ అయిందంటే అందులోది ఇంజన్లోకి వెళ్ళిందని అర్థం.

తెలియనిది అడగడానికి పంజాగుట్టలో ఒక ముసలి మెకానిక్ భాయ్ దగ్గరికి నడిచి వెళ్ళేవాళ్ళం. పిస్టన్‌ను టిఫిన్ బాక్సులో పెట్టుకుని తీసుకెళ్ళాం. భాయ్ మూత తీసి, "ఏం ఖానా అమ్మా ఇది? జర ఉడకలేదు," అన్నాడు. అత్త ఆయన కొట్టులోని సీట్లకు కవర్లు కుట్టి ఇచ్చింది, ఆయన మాకు పాఠం చెప్పాడు. కాని ఒక్క బోల్టు కూడా తను బిగించేవాడు కాదు. "నేను చెయ్యి పెడితే నీకు సమజ్ కాదు," అని పానా అత్త చేతికే ఇచ్చేవాడు. పిస్టన్‌కు అడ్డంగా దూరే పిన్ను చూపించి, దానికి అటొకటి ఇటొకటి లాకులు ఉంటాయని చెప్పాడు. లాకంటే ఉంగరంలా వంచిన సన్నటి తీగ ముక్క. "గీ లాకు మరిచినవనుకో, పిన్ను జరుగుతది, సిలిండర్ గోడ గీకుతది. ఇంజన్ ఖతం. భాయ్ చెప్పలేదు అనొద్దు."

ఇక నా సంగతి. నేను పిరికిదాన్ని. ఎవరేం అడిగినా ముందు 'ఆ' అనేసేదాన్ని. అన్నం తిన్నావా అంటే ఆ, లెక్క అర్థమైందా అంటే ఆ. 'ఆ' అంటే మాట అక్కడితో ఆగిపోతుంది, ఎదుటివాళ్ళ ముఖం మారదు. అది నేను కనిపెట్టిన ఉపాయం.

గురువారం నాడు పిస్టన్ ఎక్కించాం. అత్త ఒక లాకు పెట్టి, పిన్ను దూర్చి, రెండో లాకు గిన్నెలోంచి తీసి ఇవ్వమంది. నేను తీశాను. అంతలో గేటు చప్పుడైంది. ఎవరో జాకెట్టు కొలత చూసుకోవడానికి వచ్చారు. "చూసి రాపో బిడ్డా," అంటే పరిగెత్తాను. అత్తా లేచి వచ్చింది. కొలతలు, కబుర్లు అయ్యేసరికి అరగంట పట్టింది. తిరిగి వచ్చి కూర్చుని, ఖాళీ గిన్నె వైపు చూసి, "నేను రెండోది పెట్టిన్నా?" అంది.

"ఆ," అన్నాను.

ఆ లాకు పెట్టాల్సిన పక్క గోడవైపు ఉంది, చీకటి. పైన సిలిండర్ దిగింది, మూత బిగిసింది. ఇంక లోపల ఏముందో ఎవరికీ కనిపించదు. శనివారం నాన్న, సందులోని ఇద్దరు కోచింగ్ అన్నలు కలిసి ఇంజన్ని బండిలోకి ఎత్తి పెట్టారు.

ఆదివారం పొద్దున మా ఇంటి ముందు చిన్న జాతరే జరిగింది. ఫైళ్ళు చంకలో పెట్టుకుని క్లాసులకు వెళ్ళేవాళ్ళు కూడా ఆగిపోయారు. అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపి కిక్ రాడ్ మీద కాలు పెట్టింది. మొదటి కిక్కుకు ఇంజన్ ఉస్సుమంది. "పెట్రోలు తిప్పలేదక్కా," అని నాన్న వంగి ట్యాప్ తిప్పాడు. ఆ ఒక్క నిమిషం ఉండబట్టలేక నేను ఫ్రాకు జేబులోకి చెయ్యి పెట్టాను, గురువారం వేసుకున్న ఫ్రాకే అది. నా ఫ్రాకులన్నిటికీ అత్త లోతైన జేబులు కుట్టేది. అడుగున, కుట్టు మూలలో, వేలికి సన్నటి తీగ తగిలింది.

బయటికి తీయకుండానే అదేమిటో తెలిసిపోయింది. గేటు దగ్గరికి పరిగెత్తుతూ జేబులో వేసుకున్నాను, మరిచిపోయాను. అత్త మళ్ళీ కాలు ఎత్తింది. చెబితే అందరి ముందూ అత్త ఆరు వారాల పని నా వల్ల ఆగిపోతుంది, సాయంత్రం బండి కబాడీకి పోతుంది. చెప్పకపోతే... ఏమీ కాదేమో కూడా. లాకు ఒకటుంది కదా లోపల. 'ఆ' అన్నది ఎవరికి గుర్తుంటుంది? అలా అనుకుంటూనే ఉన్నాను, నా గొంతు మాత్రం నన్ను అడగకుండా అరిచింది.

"వద్దత్తా! కొట్టొద్దు!"

అందరూ నా వైపు తిరిగారు. నేను అరచెయ్యి చాచాను. నాన్న ఆ తీగ వైపు చూసి తల పట్టుకున్నాడు. "ఇగ అయిపాయె. మొత్తం విప్పాలె. సాయంత్రానికి కబాడీవాడు వస్తడు."

అత్త కాలు దించింది. లాకు తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. దెబ్బ పడుతుందని నేను కళ్ళు మూసుకున్నాను. నా చెవుల్లో పడింది నవ్వు.

"సాయంత్రానికి కదరా వచ్చేది, ఇప్పుడు తొమ్మిదే. నేను కుట్టిన ఏ జాకెట్టు విప్పకుండ కుదిరింది చెప్పు. విప్పుడు సుత కుట్టుపనే." తర్వాత నా గడ్డం పట్టుకుని ఎత్తింది. "ఇంజన్ లేవకముందే చెప్పినవ్ చూడు, గది బండిని బతికిచ్చింది. పట్టు, విప్పుదాం."

ఆ 'పట్టు, విప్పుదాం'తో ఆ పొద్దు మొత్తం మారిపోయింది. ట్యాంకు దిగింది, మూత లేచింది, సిలిండర్ పైకొచ్చింది. మొదట మూడు రోజులు పట్టిన పని అత్త చేతుల్లో గంటలో విడిపోయింది, ఇప్పుడు ఆమెకు దారి తెలుసు కదా! పిన్ను అప్పటికే వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది. నాన్న అది చూశాడు. చొక్కా చేతులు మడిచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

లాకు నా చేతే పెట్టించింది. "నీ జేబుల ఉన్నది, నువ్వే పెట్టు." నా చేతి మీద తన చెయ్యి వేసి ప్లయర్‌తో నొక్కింది. టిక్కుమని గాడిలో కూర్చుంది. ఆ టిక్కు ఎంత చిన్నదో! గోటితో తిప్పి చూడమంది. తిప్పాను. కదిలింది, ఊడలేదు. మళ్ళీ తిప్పాను.

అయితే విప్పేటప్పుడు సిలిండర్ కింద ఉండే కాగితపు ప్యాకింగ్ చిరిగిపోయింది. అది లేకపోతే గాలి కారి ఇంజన్ లేవదు. ఆదివారం, స్పేర్ పార్టుల కొట్లన్నీ మూసేసి ఉన్నాయి. నాన్న ముఖం మళ్ళీ వాడిపోయింది. అత్త మాత్రం లోపలికి వెళ్ళి గోడకు వేలాడుతున్న అట్టల్లోంచి ఒకటి తెచ్చింది. అది నా ఫ్రాకు వెనకభాగానికి కొలత పెట్టి కోసుకున్న అట్ట. దాన్ని ఇంజన్ నోటి మీద పరిచి, నూనె వేలితో అంచులన్నీ రుద్దితే ఆకారం అచ్చు దిగింది. ఆ గీత వెంబడి కత్తెర తిరిగింది. బోల్టుల రంధ్రాలు కూడా వంకర పోలేదు.

"నా ఫ్రాకెట్లా?" అన్నాను.

"పెరుగుతవ్ కదనే. ఎట్లన్నా కొత్త కొలత తీస్కోవాలె."

పిస్టన్ రింగుల్ని అత్త వేళ్ళతో నొక్కి పట్టుకుంటే నాన్న సిలిండర్ దించాడు. దించుతూ ఊపిరి బిగబట్టాడు. అది సర్రున దిగగానే మా ముగ్గురిలో ఎక్కువ గట్టిగా అరిచింది నాన్నే.

సాయంత్రమయ్యేసరికి అత్త మళ్ళీ కిక్ రాడ్ మీద కాలు పెట్టింది, మూడో కిక్కుకు ఇంజన్ దగ్గింది. నాలుగోదానికి ఊరుకుంది. ఐదోదానికి లేచింది! సందు సందంతా నీలం పొగ. ఆ చప్పుడు ముందు నా అరికాళ్ళకు తగిలి, తర్వాత చెవుల్లోకి వచ్చింది. కోచింగ్ అన్నలు ఈలలు వేశారు. అత్త రెండు చేతులతో చెంపలు పట్టుకుని, మసి అంటిన సంగతి కూడా తెలియక, "గిదే, గిదే చప్పుడు!" అంటోంది. అప్పుడే తన తోపుడుబండితో కబాడీవాడు వచ్చాడు. కాసేపు చూసి, "నడిచే బండికి నన్నెందుకు పిలిచిన్రు సార్?" అని విసుక్కుని వెళ్ళాడు.

నాన్న అత్త పక్కన చేరి మెల్లగా అన్నాడు: "జర నన్ను సుత నడపనియ్యక్కా."

ఇప్పుడు నాకొక పాప ఉంది. దాని ఒళ్ళు కాస్త వెచ్చబడినా, స్కూలు బస్సు పది నిమిషాలు ఆలస్యమైనా నా ప్రాణం నిలవదు. నా పిరికితనం ఎక్కడికీ పోలేదు, నాతోపాటే పెద్దదైంది. మొన్న అది స్కూలు డైరీ వెనక్కి దాచుకుని గుమ్మంలో నిలబడింది. అన్నీ బాగున్నాయా అని అడిగితే 'ఆ' అంది. ఆ 'ఆ' నాకు బాగా తెలుసు. నా గొంతుదాకా వచ్చిన ప్రశ్నలన్నీ మింగి నేల మీద కూర్చున్నాను. కొంతసేపటికి అది వచ్చి డైరీ నా ఒళ్ళో పెట్టి కళ్ళు గట్టిగా మూసుకుంది.

మధ్యలో గుండ్రటి కన్నం పడ్డ ఆ ఫ్రాకు అట్ట ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అంచుల్లో నూనె మరక అలాగే ఉంది. పాప గడ్డం పట్టుకుని ఎత్తినప్పుడు నా వేళ్ళు నావిలా అనిపించలేదు.

"పట్టు," అన్నాను. "విప్పుదాం."