వదిన చేత పొయ్యి ఆపించిన రోజులు

జూలై, శనివారం. తెల్లవారుజాము నుంచి ముసురు. నీళ్ల డ్రమ్ము కడిగి నింపాను.

మా వదిన పోయి పదిరోజులు కావస్తోంది. ఆ రోజు రైల్వే ఆసుపత్రి నుంచి నరసమ్మ ఫోన్ చేసింది. వదిన దగ్గర పనిచేసే నలుగురు ఆడవాళ్లలో ఆమే పెద్ద. "బాబూ, అమ్మ ఎల్లిపోనాది" అంది. ఆ వెంటనే, "అక్కడ మన గదిలో పొయ్యి మీద సరుకుంది. దించీమని సెప్పనా?" అని అడిగింది. దించమన్నాను.

ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, గోల్‌బజార్ కిరాణా కొట్లలో ఎర్ర మూత సీసాలో ఎండురొయ్యల పొడి కొన్నవాళ్లకి మా వదిన చెయ్యి తెలుసు, మనిషి తెలియకపోవచ్చు. అందుకే రాస్తున్నాను. నాకు రాయడం రోజువారీ జమాఖర్చుల వరకే అలవాటు.

అన్నయ్య పోయాక ఆవిడ ట్రాఫిక్ అనే పేటలోని రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, అద్దె ఇంట్లో రొయ్యలు వేయించి పొడి కొట్టడం మొదలుపెట్టింది. నేను సైకిలు మీద కొట్లకి వేసేవాణ్ణి. వాసన అని ఇంటి ఓనరు గొడవ పెట్టాడు. అప్పుడే హైవే పక్కన కొత్తగా కట్టిన యూనివర్సిటీ వాళ్లు ఇంక్యుబేషన్ సెంటరు తెరిచారు. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకి గది, మెషీను, సలహా ఇచ్చి నిలబెట్టే చోటు అది. వదినకి వెనకవైపు గది, రొయ్యలు వేయించే గ్యాసు రోస్టరు ఇచ్చారు. పొడి ఎందుకు ముక్కిపోతోందో ల్యాబులో చూసి చెప్పారు. లైసెన్సు తెప్పించారు. అది చూసే సాలువా జవాన్ల క్యాంపు క్యాంటీను వాళ్లు మా సీసాలు తీసుకున్నారు. సముద్రం ఒడ్డున దిఘా వైపు రొయ్యలు ఎండబెట్టేవాళ్ల దగ్గర మొదట్లో సంచి కొనేవాళ్లం, తర్వాత బస్తాలు కొన్నాం. "సేసింది సేసినారు. కాదంటే కళ్లు పోతాయి" అనేది వదిన.

నాకు అసహ్యం వేసింది మిగతా దాని మీద.

అతిథులు వస్తున్నారంటే మేనేజరు ముందురోజే గుమ్మంలో నిలబడేవాడు. బెంగాలీ ఆయన, మెత్తటి మనిషి. "దీదీ, కల్ భూన్‌నా బంద్. గెస్ట్ హై" అనేవాడు, రేపు వేయించడం ఆపమని. పొయ్యి ఆర్పించి, గది ఫినాయిలుతో కడిగించేవాడు. వదినని పట్టుచీర కట్టుకు రమ్మని, మూతలు బిగించిన సీసాల పక్కన నిలబెట్టి ఫొటోలు తీసేవారు. నలుగురు ఆడవాళ్లూ ఆ పూట కూలి లేకుండా వెనక మెట్ల మీద కూర్చునేవారు. హాల్లో తెర మీద మాత్రం, స్థానిక మహిళలకు ఉపాధి అని పెద్ద అక్షరాలు. రొయ్యల వాసన నాకెప్పుడూ అడ్డు రాలేదు. ఆ ఫినాయిలు వాసనకి మాత్రం గేటు బయటికి వచ్చి నిలబడేవాణ్ణి.

"మీ గెస్టులు రొయ్యలు తినరా ఏటి, దాదా? ముక్కు ఇంటికాడ ఎట్టొచ్చి తింటారా?" అని వదిన ఒకసారి అడిగింది. ఆయన నవ్వి, పట్టుచీర సంగతి మళ్లీ గుర్తుచేసి వెళ్లాడు.

పై అంతస్తులో ఉన్న స్టార్టప్ వాళ్లు వాసన భరించలేమని అందరూ సంతకాలు చేసి అర్జీ ఇచ్చారు. మధ్యాహ్నం గిన్నెలు పట్టుకుని కిందికి దిగిందీ వాళ్లే. వదిన అన్నంలో పొడి కలిపి పెట్టేది. ఎందుకు పెడతావని అడిగాను. "మీరు తరిమీయండి మరిదిగోరూ, నోరుంది కదా. ఓహో, అద్దెకిచ్చీసినారు గావాల" అంది. పనిచేసే ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

వాయి దించగానే మొదటి చెంచా పొడి ఎవరో ఒకరి అరచేతిలో పోసేది. వాళ్లు రుచి చెప్పేదాకా రెండో వాయి వేసేది కాదు. మేనేజరు చేతిలోనూ పోసింది. ఆయన అటు తిరిగి జేబురుమాలులోకి దులుపుకున్నాడు. వదిన చూసింది. మర్నాడు మళ్లీ ఆయన చేతిలోనే పోసింది.

ఇవాళ పొద్దున్న సెంటర్లో సంతాప సభ పెట్టారు. పట్టుచీరలో ఉన్న ఆవిడ ఫొటో, మనిషి కంటే పెద్దది. ఆమె మా కుటుంబం అన్నాడు మేనేజరు. అర్జీ మీద సంతకాలు చేసినవాళ్లు ఆ ఫొటోతో సెల్ఫీలు దిగారు. టీ ఇస్తుండగా మేనేజరు నన్ను పక్కకి పిలిచి హిందీలో చెప్పాడు. "దాదా, ఫౌండర్ లేకపోతే ఫైలు మూసెయ్యాలి. సోమవారం గది కొత్త బ్యాచ్‌కి ఇస్తాం. ఫౌండర్‌గా మీరు సంతకం పెడితే ఉంచుతాను. గురువారం ఒక టీమ్ వస్తోంది. సీసాల దగ్గర మీరు నిలబడండి. ఆ రోజు భూన్‌నా బంద్, అంతే."

"ఏటంటన్నాడు బాబూ?" అని నరసమ్మ అడిగింది. చెప్పాను. గది పోతే రోస్టరు పోతుంది, లైసెన్సు పోతుంది, సాలువా ఆర్డరు పోతుంది. నలుగురి కూలీ ఆ గది మీదే ఉందని కూడా చెప్పాను.

"గురువారం మల్లీ మెట్ల మీద కూకోవాలా?"

"ఊఁ."

"అమ్మ ఫొటో కూడా అక్కడెడతారా, సీసాల పక్కన?"

"పెడతారు."

ఆమె హాల్లోకి చూసింది. "మూకుడు మనదా, ఆళ్లదా?"

"మనదే."

"బస్తాలు?"

"మనవే."

"మరింకేటి," అని కొంగు నడుముకి చుట్టింది.

వెనక గేటుకి తాళం వేసి ఉంది. టీ తాగుతున్నవాళ్ల మధ్య నుంచే మూకుడూ బస్తాలూ మోసుకుంటూ బయటికి వచ్చాం. కప్పులు పట్టుకుని అందరూ గోడకి జరిగారు. మేనేజరు నా మోచెయ్యి పట్టుకుని, "దాదా, సోచ్ లీజియే" అన్నాడు. ఆలోచించాను. సంతకం పెట్టలేదు.

గోల్‌బజార్లో మన తెలుగు కిరాణా ఆయన, నేను ఫోన్ చేస్తే, కొట్టు వెనక రేకుల షెడ్డు ఇస్తానన్నాడు. లైసెన్సు కొత్త చిరునామాకి మళ్లీ తెచ్చుకోవాలి. అందాకా క్యాంటీను వాళ్లు తీసుకోరు. నలుగురికీ కూలి ఎలా సర్దాలో నాకింకా తెలియదు.

బస్తాలతో మేం ఎక్కిన ఆటో మార్కెట్ మొదట్లో రద్దీకి ఆగిపోయింది. పక్క రిక్షాలో ఒక బెంగాలీ ఆవిడ ముందుకి వంగి మా బస్తా మూతి వేళ్లతో విప్పి చూసింది.

"చింగ్‌డి శుట్కి? కోతో కోరే?" ఎండురొయ్యలేనా, ఎంతకి ఇస్తారని అడిగింది.

"ఆజ్ నా దీదీ," అంది నరసమ్మ. "కాల్ ఆషో." ఇవాళ కాదు, రేపు రమ్మంది.

"కోథాయ్?"

ఎక్కడికి రమ్మనాలో నరసమ్మకి తెలియదు. నా వైపు చూసింది. నేను కొట్టు పేరు చెప్పాను. రిక్షా కదిలింది. వినపడలేదని ఆవిడ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాన పెద్దదయింది, చుట్టూ హారన్లు. ఆటోలోంచి సగం బయటికి వచ్చి, కడ్డీ పట్టుకుని, సందు పేరుతో సహా మళ్లీ అరిచి చెప్పాను.