అద్దాల గదిలోని యాస

నిక్ రుస్లీది మలేసియా ఈశాన్యాన ఉన్న కెలంతన్ రాష్ట్రం. కౌలాలంపూర్ ఆఫీసులో మాత్రం తన మాటకి ఆ వాసన తగలనివ్వడు. అమ్మ ఫోను చేస్తే మెట్ల దగ్గరికి పోయి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని గొణుగుతాడు. అతని పనేమో రాజధాని మలయ్ భాషని కెలంతన్ యాసలోకి మార్చి పలికే యంత్రం తయారు చెయ్యడం. దానికి గొంతు కూడా అతనిదే. తలుపు మూసిన అద్దాల గదిలో, ఆర్నెల్లపాటు, సొంత యాసలో గొంతు విప్పి చదివాడు.

మొన్న దాన్ని పరీక్షించడానికి కెలంతన్‌లోని సొంతూరు కోత బారు బజారుకి వెళ్లి, నాసి కెరాబు అనే నీలం రంగు అన్నం అమ్మే మెక్ సేమా అనే ఆవిడ ముందు ఫోను పెట్టాడు. అది కెలంతన్ యాసలో పలకరించగానే ముసలమ్మ మొహం విచ్చుకుంది.

"ఏ ఊరు నాయనా నీది? అచ్చం మా పేటవాడిలా మాట్లాడతన్నావే. అన్నం తిన్నావా?" అని ఫోనునే అడిగింది.

"అది యంత్రమండీ," అన్నాడు రుస్లీ, ఆఫీసు మలయ్‌లో.

"అట్లాగా బాబుగారూ. పట్నం నుంచొచ్చారా? కూర్చోండి," అంటూ ఆకులో అన్నం పెట్టింది. అందరూ చేత్తో తింటున్న ఆ బల్ల దగ్గర అతనొక్కడికే ఎక్కడో వెతికి చెంచా తెచ్చి ఇచ్చింది.

నాదీ ఈ ఊరే అనబోయాడు. ఆ మాట కూడా ఆఫీసు మలయ్‌లోనే వచ్చేలా ఉంది. ఆ చెంచాతోనే తిన్నాడు.