మా నాన్నగారి కార్ల కంపెనీ

మా నాన్నగారికి ఒక కార్ల కంపెనీ ఉందని మా ఊళ్ళో కొందరు పిల్లలు నిజంగానే నమ్మేవారు. తప్పు వాళ్ళది కాదు. ఆయన మాట్లాడే తీరే అలా ఉండేది. "మన కంపెనీ కొత్త మోడల్ వదిలిందండీ", "ఈసారి కూడా అవార్డు మన కంపెనీకేనండీ" అని పాలవాడికీ, పోస్టుమాన్‌కీ, కొబ్బరికాయలు దింపడానికి వచ్చినవాళ్ళకీ ఒకే ఉత్సాహంతో చెప్పేవారు. ఆ కంపెనీతో ఆయనకున్న సంబంధమల్లా మా వాకిట్లో ఉన్న పాత కారు. అదీ ఇద్దరి చేతులు మారి మా ఇంటికి వచ్చింది.

మాది కొత్తపేట దగ్గర కాలవ గట్టు మీద ఊరు. కొంత వరి చేను, కొంత కొబ్బరి తోట. తొంభైల మొదట్లో ఆ కారు వచ్చింది. మీగడ రంగు, గుండ్రటి పెద్ద లైట్లు, ముందు భాగంలో మెరిసే జాలీ. పొద్దున్నే దాన్ని పాత పంచె ముక్కతో తుడిస్తే గాని ఆయనకు కాఫీ సహించేది కాదు. నేను ఆ కారు కంటే ముందు పుట్టిన కూతుర్ని. అయినా ఇంట్లో నా వరస దాని తర్వాతే అని నాకు చిన్నప్పుడే అర్థమైంది.

ఎక్కడో విదేశంలో, ఇసుక ఎడారుల్లో రేసులు జరుగుతాయి. అక్కడ ఆ కంపెనీ బండి గెలిచిందని పేపర్లో ఒక మూల పడితే చాలు, నాన్నగారు కొత్తపేట లైబ్రరీ నుంచి ఆ వార్తను మోసుకొచ్చేవారు. ఒకసారి ఏకంగా ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తెచ్చి వీధంతా పంచారు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకోలేకపోయింది.

"కారు వాళ్ళది, గెలుపు వాళ్ళది, పూతరేకులు మాత్రం మనవా అండీ?"

"ఇంట్లో పిల్ల పాసైతే పంచమా ఏవిటి?" అన్నారు నాన్నగారు.

నేను ఇంటర్ పాసైనప్పుడు పంచదార పెట్టినట్టు గుర్తు.

డిజైను సంగతి ఎత్తితే ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. దేశంలో తిరిగే సగం కార్లు మన కంపెనీని చూసి వంపులు నేర్చుకున్నవేనని ఆయన వాదన. దేశం సంగతి నాకు తెలియదు గాని మా చుట్టుపక్కల మాత్రం ఆ మాట నిజమే. రైసు మిల్లు ఆసామి కొత్తింటికి పెట్టించిన ఇనప గేటు అచ్చం మా కారు ముందు జాలీలాగే ఉండేది. ఒక పెళ్ళికి మా వడ్రంగి చేసిన పందిరి మంచానికి తలవైపు అదే వంపు, దానికి అటూ ఇటూ గుండ్రటి రెండు అద్దాలు. పెళ్ళికొడుకు రాత్రిళ్ళు ఎదురుగా లారీ వస్తున్నట్టు ఉలిక్కిపడి లేచేవాడని మా వీధిలో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. నాన్నగారు నవ్వేవారు కాదు. ఆ గేటు ముందు ఆయన ఎంతసేపు నిలబడ్డారంటే, ఇంటివాళ్ళు కంగారుపడి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వానాకాలం అన్నీ తారుమారు చేసింది. పెళ్ళికి వెళ్ళి తిరిగొస్తూ కాలవ గట్టు మీద బంకమట్టిలో కారు జారింది. ముందు చక్రం ఒకటి కాలవ మీదకి వెళ్ళి గాల్లో తిరుగుతుండగా, పక్కనున్న కొబ్బరిచెట్టుకు ఆనుకుని బండి ఆగింది. కారులో ఉన్నది అమ్మా నాన్నగారూ ఇద్దరే. దెబ్బలేమీ తగల్లేదు. కానీ అమ్మ వెనక అద్దంలోంచి బయటికి రావాల్సి వచ్చింది. పట్టుచీరతో, ఊరంతా చూస్తుండగా.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి చెప్పింది. "ఆ చెట్టు అక్కడ లేకపోతే ఈపాటికి మన ఇంటి ముందు జనం మూగి ఉందురు. ఈ కారు అమ్మెయ్యండి."

ఆమె భయం చూసినవాళ్ళెవరూ కాదనలేరు. నేనూ అమ్మవైపే మాట్లాడాను. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారి ఒకాయన ఆ కారు మీద ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు, ఆయనకు కబురు కూడా వెళ్ళింది. నాన్నగారు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అన్నం మాత్రం సగంలో వదిలేసి లేచిపోయేవారు.

సరిగ్గా అప్పుడే ఆ కంపెనీవాళ్ళు రావులపాలెంలో పండగ చేస్తున్నారని తెలిసింది. తమ బండ్లకు వచ్చిన అవార్డులు, గెలిచిన రేసులు అన్నీ జనానికి చూపిస్తారట. పాత కార్లున్నవాళ్ళకు మర్నాడు ఒక పోటీ, గెలిచినవాళ్ళకు కప్పు. నాన్నగారి ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది.

"ఒక్కసారి దీన్ని ఆ పోటీలో నిలబెట్టనీ. తర్వాత నీ ఇష్టం" అన్నారు అమ్మతో.

అమ్మ ఆలోచించింది. "గెలిస్తే ఉంచుకోండి, నేను మళ్ళీ నోరెత్తను. ఓడిపోతే మీరు నోరెత్తకూడదు."

"ఆయ్, అలాగే" అన్నారాయన. ఆ మాటతో పందెం ఖాయమైంది.

ముందురోజు సాయంత్రం ముగ్గురం ప్రదర్శన చూడ్డానికి వెళ్ళాం. నేషనల్ హైవే పక్కన పెద్ద షామియానా. కప్పులు, షీల్డులు వరసగా అద్దాల బీరువాల్లో ఉన్నాయి. ఒక గోడంతా ఫోటోలు. మొదటి మోడల్ నుంచి ఆనాటి మోడల్ దాకా బొమ్మలు గీసి, ఏ వంపు ఎక్కడినుంచి ఎక్కడికి ప్రయాణం చేసిందో చూపించారు. టై కట్టుకున్న ఒకాయన, ఇలాంటి లైట్లు మొదట పెట్టింది మేమే, తర్వాత ఎందరో మా దారిలో నడిచారని చెబుతుంటే నాన్నగారు ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్" అంటూ తలూపారు. సాక్ష్యం కావలిస్తే మా రైసు మిల్లు ఆసామి ఇంటి గేటు వచ్చి చూడమని ఆహ్వానించారు కూడా.

మధ్యలో ఎత్తైన అరుగు మీద రేసు గెలిచిన కారుంది. దాన్ని చూసేదాకా నేను వీటన్నిటినీ వేళాకోళంగానే చూస్తున్నాను. ఆ కారు ఒక పక్క నొక్కుకుపోయి ఉంది, ఒక అద్దం పగిలి ఉంది. ఒంటినిండా ఎర్రటి దుమ్ము. గెలిచిన రోజున ఎలా ఉందో అలాగే, తుడవకుండా తెచ్చారట. అందంగా తయారుచేసిన బండి కష్టపడితే ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను. ఎవరో మనుషులు ఒక రేకును ఇంత అందంగా వంచి, అంత దూరం నమ్మకంగా పంపారు. మా నాన్నగారు ఇన్నేళ్ళూ పిచ్చివాడు కాదని ఆ కారు ముందు నిలబడ్డప్పుడే నాకు తెలిసింది.

ఆయన మాత్రం ఆ దుమ్ము భరించలేకపోయారు. భుజం మీది కండువా చేతిలోకి తీసుకుని ఒక అడుగు ముందుకు వేశారు. అమ్మ రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

పోటీ నియమాలు టై కట్టుకున్నాయనే చెప్పాడు. "ఇది రేసు కాదండీ. ఇక్కడినుంచి అమలాపురానికి ఎంతసేపట్లో చేరాలో చెప్తాం. ఆ టైముకి ఎవరు దగ్గరగా చేరితే వాళ్ళదే కప్పు. ముందొచ్చినా తప్పే, ఆలస్యమైనా తప్పే." బండి తోలేవాళ్ళ పక్కన గడియారం చూసే మనిషి ఒకరుండాలి. నాన్నగారు నన్ను కూర్చోమన్నారు.

"దీనికి లెక్కలు రావు. నేను కూర్చుంటాను" అంది అమ్మ. "ఓడిపోవడం నా కళ్ళతో నేను చూడాలి."

అలా మర్నాడు పొద్దున్న అమ్మ ముందు సీట్లో నాన్నగారి చేతిగడియారం అరచేతిలో పెట్టుకుని కూర్చుంది, నేను వెనక. ఒక్కో కారునీ కాస్త వ్యవధి ఇచ్చి వదిలారు. మొదట్లో అమ్మ కోర్టులో ఎదుటి పక్షంలా బిగుసుకుని ఉంది. కొత్తపేట వచ్చేసరికి ఏమైందో గాని గొంతు మారింది.

"కాస్త నిదానించండి, ముందున్నాం." కాసేపాగి, "ఇప్పుడు లాగించండి. ఆ లారీని దాటండి."

మా వైపు ఒక అలవాటుంది. కారున్న మనిషి, తెలిసినవాళ్ళు నడిచి వెళుతుంటే దాటుకుని పోడు. ఆపి, ఎక్కడిదాకా అని అడిగి, అదే దారైతే ఎక్కించుకుంటాడు. మా కారు సగం బస్సే. కొత్తపేట సెంటర్లో ఇద్దరు ముగ్గురు అలవాటుగా చెయ్యెత్తారు. నాన్నగారి కాలు బ్రేకు మీదకి వెళ్ళేలోపు అమ్మ తల బయటికి పెట్టి, "పందెంలో ఉన్నామండీ! రేపు మాట్లాడతాం!" అని అరిచింది. జుట్టు ముడి ఊడి గాలికి ఎగురుతోంది. మా అమ్మ నడిరోడ్డు మీద అరవడం నేను అప్పటిదాకా చూడలేదు. ఆమె ఎవరి పక్షమో ఆమెకే గుర్తులేదు.

పలివెల దాటేసరికి సరిగ్గా టైముకి వెళుతున్నాం. "ఇలాగే పోనిస్తే కప్పు మనదేనండీ" అంది అమ్మ. అంతలో రోడ్డు పక్కన గొడుగు వేసుకుని, ఒక చేత్తో క్యారియరు, ఇంకో చేత్తో ఫ్లాస్కు పట్టుకుని మా మావయ్యగారు కనిపించారు. అమ్మకు స్వయానా అన్నగారు. మేం ఆ దారిన వస్తామని ముందే విన్నారట.

"ఆపకండి" అంది అమ్మ.

"మీ అన్నయ్యగారు."

"మా అన్నయ్యని నేనెరగనా? చెయ్యూపి పోనివ్వండి!"

"బావగారు ఎండలో నిలబడి ఉంటే చెయ్యూపి పోతానా?" కారు అప్పటికే పక్కకు తిరిగింది.

"రండి బావగారూ, రండి. పొద్దున్నే బయల్దేరేరు, ఏం తినుంటారు? మీ చెల్లాయి తెల్లారకుండానే లేచి దిబ్బరొట్టె వేసింది. వేడిగా ఉంది" అన్నారు మావయ్యగారు.

పెద్దవాళ్ళు నిలబడి ఉంటే నాన్నగారు కారులో కూర్చుని తినరు. దిగారు. "పందెంలో ఉన్నామండీ" అన్నారు మెల్లగా, అదేదో తప్పు చేసినట్టు.

"ఆయ్, ఉండండి, ఎవరు కాదన్నారు? తినేసి ఉండండి."

నాన్నగారు దిబ్బరొట్టె తిన్నారు. కాఫీ తాగారు. మావయ్యగారి మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగారు, ఆయన వివరంగా చెప్పారు. పక్కనుంచి పోటీ కార్లు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. మావయ్యగారు వాటిక్కూడా చెయ్యెత్తి, ఒక్క ముక్క తిని వెళ్ళమని పిలిచారు. రాజోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిజంగానే ఆపి దిగాడు! అమ్మ మాత్రం కారు దిగలేదు. అన్న అందించిన రొట్టె ముక్క ఒక చేతిలో, గడియారం ఇంకో చేతిలో పెట్టుకుని భర్తనే చూస్తూ ఉండిపోయింది.

ఆయన వచ్చి కూర్చున్నాక నేను ఆగలేకపోయాను. "నాన్నగారూ, కారు పోతుందండీ."

"తెలుసే" అన్నారాయన. బండిని మళ్ళీ రోడ్డెక్కించారు.

అంబాజీపేట దగ్గర ఆయన వేగం పెంచబోతే అమ్మ ఆయన చేతిమీద చెయ్యి వేసింది. "ఇంక తొందరెందుకండీ, నిదానంగానే వెళదాం" అంది.

కప్పు రాజమండ్రి నుంచి వచ్చిన ఒక కుర్రాడు గెలుచుకున్నాడు. ఈ దారిలో అతనికి చుట్టాలెవరూ లేరు. అమలాపురంలో బహుమతి ఇస్తున్నప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా నాన్నగారే. నాకు ఒళ్ళు మండింది. ఎందుకండీ అంత సంబరం అని అడిగాను.

"మన కంపెనీ బండే కదే గెలిచింది" అన్నారు. పోటీకొచ్చిన బండ్లన్నీ ఆ కంపెనీవేనన్న సంగతి ఆయనకు చెప్పి లాభం లేదు.

తర్వాతి వారం అరటి గెలల వ్యాపారి వచ్చారు. నాన్నగారు పొద్దున్నే కారును కడిగి, జాలీ మెరిసేలా తుడిచి, రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబెట్టారు. తాళాలు జేబులోనే ఉన్నాయి, చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది. నేను చూడలేక లోపలికి వెళ్ళబోతుంటే అమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది. నాన్నగారికో గ్లాసు, వ్యాపారి చేతికో గ్లాసు ఇచ్చి, ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏమీ అనుకోకండి. కారు అమ్మడం లేదండీ."

ఆయన తెల్లబోయారు. "అదేవిటండీ, పందెం ఓడిపోయేరని విన్నానే?"

"ఓడిపోయేం. మా అన్నయ్య రోడ్డు మీద నిలబడ్డాడు. సొంత చెల్లెల్ని, నేను ఆపొద్దన్నానండీ. ఈయన ఆపేరు. ఆపితే కారు పోతుందని తెలిసే ఆపేరు. ఆ మనిషి దగ్గర్నించి కారు నేనెలా తీసుకుంటానండీ?"

నాన్నగారు కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. గ్లాసు పక్కకు ఒరిగి కాస్త కాఫీ పంచె మీద ఒలికింది, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకి. ముందుగా తేరుకున్నది వ్యాపారే.

"బాగానే ఉందండీ. కారు తోలుకుపోదామని నేను బస్సులో వచ్చేను. ఇప్పుడు ఎలా వెళ్ళను?"

"మేం దింపుతామండీ" అంది అమ్మ. చెప్పులు వేసుకుని అందరికంటే ముందు వెళ్ళి, కారు ముందు సీట్లో కూర్చుంది.