మూడో స్టేషన్ ఖాళీ లేదు

రాయ్‌పూర్ రైల్వే కాలనీ గేటు పక్కన, వరహాలమ్మ టీ బండి దగ్గర, ప్రతి ఆదివారం ఉదయం ఏడున్నరకు నేను నిలబడి గురునాథం గారి కేకలు పదకొండూ వరసగా అప్పజెప్పడం పదిహేనేళ్ళుగా జరుగుతోంది. ఈ ఆచారం గురించి భావి చరిత్రకారులు తగువులాడుకునే ప్రమాదం ఉంది కనక, నిజాలు ఇప్పుడే రాసిపెడుతున్నాను. మొదటి కేక టీకి ముందు. రెండు నుంచి ఏడు దాకా టీతో. మిగిలిన నాలుగూ గ్లాసు కింద పెట్టాక. 2020లో లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు మాత్రం కొన్ని నెలలు ఈ కార్యక్రమం మా వంటింట్లో సాగింది. అప్పటి శ్రోత మా ఆవిడ మహేశ్వరి ఒక్కతే. ఐదో కేక దగ్గర ఆవిడ కుక్కరు పెట్టేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. చరిత్రలో కొన్ని చీకటి కోణాలు ఉండాలి.

పదకొండూ అయ్యాక వరహాలమ్మ గ్లాసులు కడుగుతూ మొన్నటిదాకా ప్రతివారం ఒకే మాట అడిగేది.

"పన్నెండోది సెప్పవేటి బాబూ?"

"అది బాగుండదు వరహాలమ్మా."

"బాగోలేనిదే బాగుంటాది," అని నవ్వేది.

ఇక్కడ గురునాథం గారెవరో చెప్పాలి. వాళ్ళది పలాస వైపు. మహాసముంద్ లైన్లో ఒక చిన్న స్టేషన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా మొదలుపెట్టారు. నలభై దాటాక కంటి పరీక్షలో తప్పారు. దూరాన ఉన్న ఎర్రదీపం ఆయనకి పచ్చగా కనపడలేదు గానీ, రెండుగా కనపడిందట. రైల్వే వారికి ఒకటే చాలు. అందుకని సిగ్నళ్ళ దగ్గర నుంచి తీసి రాయ్‌పూర్ ఎంక్వైరీ ఆఫీసులో మైకు ముందు కూర్చోబెట్టారు. "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ" అని ఆయన అంటే ప్లాట్‌ఫాం మీద కుక్కలు కూడా లేచి కూర్చునేవి. 2003లో ఆ పని కంప్యూటరు చేయడం మొదలుపెట్టింది. ఆయనకి ఒక బల్ల, ఒక కుర్చీ, చేయడానికేమీ లేని ఎనిమిది గంటలు మిగిలాయి.

మరుసటి ఏడు మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ స్పోర్ట్స్ సెక్రటరీ భీమారావు గారు ఒక గోనెసంచిలో బ్యాట్లూ, చేతికి తొడుక్కునే తోలు తొడుగులూ తెచ్చి మైదానంలో కుమ్మరించారు. బేస్‌బాల్ అన్నారు. ఇదెందుకండీ అంటే ఆయన దగ్గర తర్కం ఉంది.

"క్రికెట్ ఆడేవాళ్ళు దేశమంతా ఉన్నారు. దీంట్లో ఆడేవాళ్ళు తక్కువ, సర్టిఫికెట్లు అన్నే. పిల్లలకి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలొస్తాయయ్యా."

ఆట తెలిసినవాళ్ళు మైదానంలో ఇద్దరు. చూసేవాళ్ళలో ఎవరూ లేరు. ఎవరైనా మైకు పట్టుకుని విడమరిచి చెప్పాలి. గురునాథం గారి దగ్గర గొంతూ ఉంది, తీరికా ఉంది. భీమారావు గారు నిబంధనల కాగితాలు ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళారు. పర్సనెల్ బ్రాంచిలో క్లర్కునైన నేను, పరదేశి అనేవాణ్ణి, అప్పుడు అక్కడే ఉన్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండు పేజీలు చదివి, కాగితాలు పక్కన పెట్టేశారు.

"ఇందులో కొత్తేటుందయ్యా పరదేశీ? ఇది మన బ్లాక్ వర్కింగే."

"అంటే?"

"నాలుగు స్టేషన్లు. ఒక స్టేషన్లో ఒకేసారి ఒక బండే నిలబడాలి. ఎనక బండి వచ్చేస్తే ముందు బండి కదలాలి. లైన్ క్లియర్ లేకుండా బయల్దేరితే ప్రమాదం. ఆఖరికి హోమ్ సిగ్నల్ దాటి ఇంటికి చేరితే ఒక పరుగు. అమెరికా వోడు మన రూల్ బుక్ చూసి ఆట రాసుకున్నాడు."

ఆ ఆదివారం మైదానం పక్కన రేకుల షెడ్డులోంచి ఆయన గొంతు వినపడింది. పది నిమిషాల్లో కాలనీ మొత్తానికి బేస్‌బాల్ వచ్చేసింది. పప్పు రుబ్బడం వచ్చినంత సహజంగా వచ్చేసింది. ముందువాడు కదలకముందే వెనకవాడు పరిగెత్తితే వరహాలమ్మ తాడు అవతలి నుంచి, "ఒరే గుంటా! ముందు బండి కదల్లేదురా, ఎనక్కి పో!" అని అరిచేది. అంపైరు కన్నా రెండు సెకన్లు ముందు.

నేను అప్పజెప్పే పదకొండు కేకలూ ఆయన రిటైరయ్యేదాకా సాగిన ఆ ఆరేళ్ళవే. అన్నీ ఇక్కడ చెప్పను. ఆదివారం వస్తే వినవచ్చు. మచ్చుకి కొన్ని. కొట్టవలసినవాడు మూడుసార్లు గాలిని కొట్టి వెనుదిరిగినప్పుడు: "ఇంజన్ ఫెయిల్. షెడ్డుకి తిప్పి పంపడమైనది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." బంతులు విసిరేవాడు నాలుగు తప్పుగా వేస్తే కొట్టేవాడు ఊరికే మొదటి స్టేషన్‌కి నడిచి వెళ్ళవచ్చు; అప్పుడు: "వీరు పాస్ మీద ప్రయాణిస్తున్నారు. ఎవరూ టికెట్ అడగవద్దు." బంతి గోడ దాటిపోతే: "త్రూ బండి! ఏ స్టేషన్‌లోనూ ఆగదు! పిల్లలూ, మేకలూ లైనుకి దూరంగా జరగవలెను!" మేకలు నిజంగానే ఉండేవి.

రైల్వే మనిషి కనక ఆయన ఆ షెడ్డులో ఒక రిజిస్టరు కూడా తెరిచారు. తేదీ, సమయం, మైకు పరిస్థితి, చార్జి తీసుకున్నవారి సంతకం, చార్జి ఇచ్చినవారి సంతకం. ఆరేళ్ళూ రెండు గడుల్లోనూ ఆయన సంతకాలే. గీతలు కొట్టడం, మిరియాల కషాయం ఫ్లాస్కు మోయడం నా విధులు.

నా అసలు విధి వేరు అని నాకు నమ్మకం. ఆ మైకు ఏదో ఒకనాడు నాది కావాలి. ఆయన 2009 ఏప్రిల్ నెలాఖరున రిటైరవుతారు. అందుకని స్నానాలగదిలో ఏళ్ళ తరబడి సాధన చేశాను. పెద్ద మ్యాచ్‌లో పెద్ద దెబ్బ పడినప్పుడు వాడడానికి ఒక వాక్యం కూడా తయారుచేసి పెట్టుకున్నాను. "అదిగదిగో, నింగిని నిలదీస్తూ నిరాటంకంగా సాగిపోతున్న ఆ శ్వేతగోళం" అని మొదలవుతుంది. పూర్తవడానికి ఊపిరి రెండుసార్లు తీసుకోవాలి. అంతసేపు బంతి గాల్లో ఉండదని నాకు తట్టలేదు.

ఆ ఏప్రిల్‌లోనే టోర్నమెంటు ఫైనల్. మా కాలనీకీ, భన్‌పురి ట్రాన్స్‌పోర్టు కుర్రాళ్ళకీ. మావాళ్ళవి నీలం చొక్కాలు. వాళ్ళవీ ఒకప్పుడు నీలమే, ఉతికి ఉతికి ఏ రంగో తెలియకుండా ఉన్నాయి. ఎండ మండిపోతోంది. ఆఖరి వంతు వచ్చేసరికి గురునాథం గారి గొంతు పూర్తిగా పోయింది. కషాయం ఫ్లాస్కు తలకిందులు చేసి చూసి, మైకు నా వైపు జరిపారు.

"నువ్వు చూడు," అని గుసగుసగా అని, రిజిస్టరు కూడా జరిపారు. "సంతకం."

"తరవాత పెడతానండీ!" అని మైకు లాక్కున్నాను. పెళ్ళిపీటల మీద కూడా నేను అంత తొందర పడలేదు.

మేము రెండు పరుగులు వెనకబడి ఉన్నాం. ఇంకొక్కడు ఔటైతే ఆట అయిపోతుంది. రెండో స్టేషన్‌లో శివాజీ, మొదటి స్టేషన్‌లో తరుణ్. ఇద్దరూ ఇంటికి చేరితే సమానం. కుర్రాడు బంతిని కొట్టాడు. దూరంగా వెళ్ళింది. నేను ఊపిరి తీసుకుని "అదిగదిగో" అన్నాను. ఆ తరవాతి మాట ఈ రోజుకీ రాలేదు. ఈలోగా శివాజీ మూడో స్టేషన్ దాటి ఇంటికి వెళ్ళిపోతున్నాడు. తరుణ్ రెండు దాటి మూడు వైపు దూసుకొస్తున్నాడు. మూడో స్టేషన్‌లో మాత్రం ఒక నీలం చొక్కా నిలబడి ఉంది. శివాజీ ఇంకా కదల్లేదనుకున్నాను. రైల్వే రక్తం ఉడికింది. వర్ణన మర్చిపోయి నోటికొచ్చినంత గట్టిగా అరిచాను.

"మూడో స్టేషన్ ఖాళీ లేదు! బండి ఆపండి! ఆపండి!"

తరుణ్ ఆగాడు. రెండుకీ మూడుకీ మధ్య, నట్టనడుమ. భన్‌పురివాడు తాపీగా నడిచివచ్చి బంతితో వాడి భుజం తట్టాడు. ఔట్. శివాజీ ఒక్కడే అప్పటికి ఇంటికి చేరాడు. మూడో స్టేషన్‌లో ఉన్న నీలం చొక్కా వాళ్ళదే. ఒక్క పరుగుతో కప్పు పోయింది.

భీమారావు గారు మైదానం అవతలి కొస నుంచి పరిగెత్తుకుంటూ వచ్చారు. "ఎవడయ్యా ఆపమన్నది? ఎవడు?"

నా గొంతు కూడా అప్పుడే పోయింది. గురునాథం గారు నెమ్మదిగా రిజిస్టరు తిప్పి ఆయన ముందు పెట్టారు. చార్జి తీసుకున్నవారు, గురునాథం. చార్జి ఇచ్చినవారు, ఖాళీ.

"డ్యూటీ నాది," అన్నారు, గాలి మాత్రమే మిగిలిన గొంతుతో.

ఆ రోజు ఆయన గొంతు బొంగురుపోయింది కనక, అరిచింది ఆయనేనని దూరంగా ఉన్నవాళ్ళు నమ్మారు. నెలాఖరున వీడ్కోలు సభలో దండ వేసి, గోడ గడియారం ఇచ్చి, భీమారావు గారు మైకులో, "ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో గురునాథం గారు ఒకే ఒక్క బండిని తప్పుగా ఆపారు, అదీ మనదే!" అన్నారు. సభ నవ్వింది. ఆయన నవ్వారు. నేను చప్పట్లు కొట్టాను. సభలో అందరికన్నా ఆఖరున ఆపింది నేనేనని గుర్తు.

ఆ మరుసటి ఆదివారం నుంచే నేను టీ బండి దగ్గర ఆయన మంచి కేకలు చెప్పడం మొదలుపెట్టాను. భక్తి అనుకున్నారు.

పోయిన నెల ఇన్‌స్టిట్యూట్ కొత్త కమిటీ, ఎప్పుడో ఆగిపోయిన టోర్నమెంటు మళ్ళీ మొదలుపెడదామంది. రేకుల షెడ్డుకి రంగు వేసి, పైన గురునాథం గారి పేరు రాయిద్దామంది. సలహాదారుగా ఉన్న భీమారావు గారు ఒప్పుకోలేదు. కప్పు పోగొట్టిన మనిషి పేరు నెత్తిన పెట్టుకుంటామా అన్నారు. ఆదివారం పదకొండింటికి సభలో తేలుద్దామన్నారు.

శనివారం సాయంత్రం ఊళ్ళోనే మోవాలో ఉన్న గురునాథం గారింటికి వెళ్ళాను. ఆయనకి డెబ్భై అయిదు. భార్య భ్రమరాంబ గారు మంచినీళ్ళిచ్చి, "గట్టిగా మాట్లాడు నాయనా, ఆయనకి చెవులు సరిగా లేవు," అన్నారు. పదిహేనేళ్ళ రహస్యాన్ని వీధి వీధంతా వినేలా చెప్పవలసి వచ్చింది.

"రేపు నిజం చెప్పేస్తానండీ! అరిచింది నేనని!"

"రిజిస్టర్లో ఏటుంది?" అన్నారాయన.

"మీ సంతకమేనండీ!"

"మరింకేటి?"

"షెడ్డు మీద మీ పేరు రాయరండీ!"

ఆయన గోడ గడియారం వైపు చూశారు. అది ఆగిపోయి ఉంది. "రాస్తే అక్షరాలు పెద్దవి రాయమను," అన్నారు. "నాకు దూరం ఆనదు."

ఆ పేరు ఆయనకి కావాలని అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం, చరిత్రలో మొదటిసారి, నేను ఏడున్నర కార్యక్రమం రద్దు చేసుకుని, నల్ల ప్యాంటు వేసుకుని, ఇన్నేళ్ళూ నా దగ్గరే దాచిన రిజిస్టరు చంకలో పెట్టుకుని సభకి వెళ్ళాను. లేచి నిలబడి, మానవుడి బలహీనత దగ్గర మొదలుపెట్టి, గురుశిష్య సంబంధం మీదుగా, శిక్షకి సిద్ధమనేంత దాకా పది నిమిషాలు మాట్లాడాను. "ఆ కేక నాది!" అని రిజిస్టరు బల్ల మీద పెట్టాను. చప్పుడు బాగానే వచ్చింది.

టీ గ్లాసులు పంచుతున్న వరహాలమ్మ ఆగలేదు. "ఎరికే బాబూ. ఆయన గొంతేదో నీ గొంతేదో తెలీదేటి? నువ్వెప్పుడు సెప్తావా అనే కదా వారం వారం అడుగుతన్నాను."

భీమారావు గారు మాత్రం తగ్గలేదు. "ఎవరు అరిచినా అరిచింది ఆ షెడ్డులోంచే కదా. మైకు వల్లే కప్పు పోయింది. ఆ షెడ్డుకి మళ్ళీ పేరు కూడానా?"

వెనక వరసలోంచి తరుణ్ లేచాడు. ఆ వేళ పందొమ్మిదేళ్ళవాడు. ఇప్పుడు లోకో పైలట్, కమిటీ మెంబరు, కొంచెం బొజ్జ.

"అంకుల్, సచ్ చెప్పాలంటే, మైకుతో నాకు ఏం సంబంధం లేదు."

"అదేంట్రా? ఆపమంటేనే కదా ఆగావు?" అన్నాను. నా కంఠంలో కొంచెం దైన్యం కూడా ఉండి ఉండాలి. పదిహేనేళ్ళుగా మోసిన పాపం కదా, ఎవరైనా లాక్కుంటే ఊరికే వదలబుద్ధి కాదు.

"పరిగెత్తేటప్పుడు ఏమీ వినపడదు అంకుల్. బూటు అడుగు ఊడిపోయింది. ఎడమది. సగం ఊడి కాలికి అడ్డం పడింది, అందుకే ఆగాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

తరుణ్ భీమారావు గారి వైపు చూసి, మళ్ళీ నేల వైపు చూశాడు. "కోటా సర్టిఫికెట్ మీద సంతకం కావాలి కదా అంకుల్. తరవాత ఉద్యోగం వచ్చింది, మర్చిపోయాను."

భీమారావు గారు టీ గ్లాసు తీసుకున్నారు. షెడ్డు మీద పేరు రాయించే తీర్మానానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ ఫైనల్‌కి జట్టు మొత్తానికి కొత్త బూట్లు కొన్నది భీమారావు గారు.