ఆదివారం మోగే ఫోను

ఎవాంజెలిన్‌కు కోపం ఊరికే రాదు. వచ్చిందంటే మాత్రం ఒక పట్టాన పోదు. ఆదెయ్యతో ఆమె మాటలు మానేసి అప్పటికి రెండేళ్లు. భర్త సుశీల్ కుమార్‌ను సమాధి చేసిన ఆదివారం ఊరు ఊరంతా వచ్చింది. పక్క రొయ్యల గుంట ఆదెయ్య, ప్రాణస్నేహితుడని చెప్పుకునే ఆదెయ్య, గుప్పెడు మన్ను వేయడానికి రాలేదు. ఎందుకు రాలేదో తర్వాతైనా చెప్పలేదు.

సుశీల్ ఆమెకు మిగిల్చినవి ఒక రొయ్యల గుంట, ఒక ప్రోగ్రాము. తోటపల్లి గూడూరు దగ్గర పదకొండు మంది రైతుల గుంటల్లో ఆక్సిజన్ ఎంతుందో ఆ ప్రోగ్రాము కనిపెట్టుకుని ఉంటుంది. తగ్గిందా, ఆ రైతు ఫోను గోల పెడుతుంది. అతను పరిగెత్తుకెళ్లి నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వేసుకుంటాడు. అది నడిచే సర్వరు ఎవాంజెలిన్ ఇంట్లోనే. ఉప్పుగాలికి పాత కంప్యూటరు తుప్పుపట్టి ఇవాళో రేపో అన్నట్టుంది. కొత్తది అమ్మినతను పాతదాంట్లో ఉన్న లినక్సు బదులు ఫ్రీబీఎస్‌డీ అనే సిస్టమ్ వేసి ఇచ్చాడు; ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తుందట.

స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పే ఎవాంజెలిన్, ప్రోగ్రామును కొత్తదాంట్లోకి మార్చడానికి తానే కొంగు బిగించింది. కంపైల్ చేయగానే నలభై మూడు ఎర్రర్లు. ఏం ఖర్మరా దేవుడా! ఒకచోట హెడర్ ఫైలే లేదు, ఇంకోచోట ఫంక్షను పేరు వేరు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు మూడు రోజులు ఏరింది. శనివారం మధ్యాహ్నానికి ఒక్కటే మిగిలింది. పాత మోడెముతో ఫోను చేయించే ముక్క, లినక్సులో తప్ప ఎక్కడా నడవనిది. ఇప్పుడు అందరికీ యాప్‌లే కదా, తీసేస్తే పీడా పోతుందనుకుంది. దాని పైన భర్త తెలుగులో రాసుకున్న మాటలు కనబడ్డాయి.

‘ఆదివారం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మేమంతా ఫోన్లు ఆపేసి చర్చిలో ఉంటాం. ఎవరి గుంటైనా సరే, చర్చికి రాని ఆదెయ్య బటన్ల ఫోనుకే కొట్టాలి.’

ఆ పేరు చూడగానే ఆమెకు ఒళ్లు మండింది. సమాధికే రానివాడు గుంటలకొచ్చాడా! చూద్దాం ఆయన నిర్వాకం అని, మోగిన ప్రతి ఫోనూ రాసిపెట్టే పాత లాగ్ ఫైలు తెరిచి, ఆ ఆదివారం తేదీ కొట్టింది.

పదీ నలభై: ఎవాంజెలిన్ గుంట, ఆక్సిజన్ రెండుకు పడింది. పదీ నలభై ఒకటి: ఆదెయ్యకు ఫోను, ఎత్తాడు. ఆ తర్వాత అంకెలు మెల్లమెల్లగా పైకెక్కాయి. పన్నెండున్నరకు గానీ గుంట తేరుకోలేదు. అప్పటికి అక్కడ సమాధి పూడ్చేశారు.

అయ్యో, ఎంత మాట అనుకున్నాను ఆయన్ని! ఎవాంజెలిన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ముక్క తీయలేదు. రెండు గంటలు కూర్చుని, కొత్త సిస్టమ్‌కు తెలిసిన పద్ధతిలో తిరగరాసింది. ఎర్రర్లు సున్నా. పరీక్షకని తన గుంట పేరుతో ఉత్తుత్తి హెచ్చరిక ఒకటి కొట్టించింది.

పావుగంటకు ఆదెయ్య రొప్పుతూ, మోకాళ్ల దాకా బురదతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

“నీ గుంట బాగానే ఉండాదమ్మా, చూసే వస్తుండా. ఈ పొద్దు శనివారం గదా, నాకెందుకు మోగింది?”

“ఆ ఆదివారం కూడా మోగింది గదన్నా. నాకొక్క మాట చెప్పకపోతివే?”

ఆదెయ్య తలగుడ్డ తీసి చేతుల్లో నలిపాడు. “సమాధి కాడ రొయ్యల మాట ఎట్టెత్తేదమ్మా? ఆ తర్వాత నువ్వు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటివి. వాడు నాకప్పజెప్పింది ఈ పనే. చేసినా.”

ఎవాంజెలిన్ కళ్లు తుడుచుకుంది.

“రేపు ఒంటిగంటకు నీ కాపలా అయిపోతుంది గదా. నేరుగా సమాధుల తోటకు రా అన్నా. నేనూ అక్కడే ఉంటా. ఆ గుప్పెడు మన్ను వేద్దువు గానీ.”